తలుపు కింద ఆకుపచ్చ చీర

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో చాప మీద నడుం వాల్చాను. పడకగదిలో మా ఆయన ఏసీ వేసుకుని గుర్రుపెడుతున్నాడు. కాస్త కునుకు పట్టబోతుండగా చీలమండకి సన్నగా చల్లగాలి తగిలింది. గది తలుపు కింద సందులోంచి వస్తోంది. గది కోసం చల్లబరిచిన గాలి అలా హాల్లోకి జారిపోతుంటే నాకు నిద్ర పట్టదు. కుళాయి తిప్పి వదిలేస్తే ఎలా ఉంటుందో నాకు అదీ అంతే. లేచి చూస్తే తలుపు దగ్గర ఉండాల్సిన గుడ్డచుట్ట లేదు. చీరను గొట్టంలా కుట్టి, లోపల చింకిగుడ్డలు దట్టంగా కూరి, తలుపు వెడల్పున సందుకు అడ్డం పెట్టే చుట్ట అది. ఈ మధ్య అది అక్కడ లేని రోజు లేదు. దాన్ని కుట్టింది నర్సమ్మ ఆంటీ. పాదానికి ఆ గాలి తగలగానే ఆవిడ గుర్తొచ్చింది. ప్రేమగా గుర్తొచ్చిందనుకునేరు. ఎప్పుడు గుర్తొచ్చినా ముందు కడుపుమంటే, తర్వాతే మిగతావి.

నాది ప్రొద్దుటూరు. ఎండ గురించి నాకు ఒకరు పాఠం చెప్పక్కర్లేదనే గర్వంతో సింగపూరులో దిగాను, పెళ్లయిన కొత్తలో. ఇక్కడి ఉక్క వేరని దిగిన వారానికే తెలిసింది. మా ఊళ్లో పొద్దుగూకితే గాలి మారుతుంది, ఇక్కడ మారదు. ఆంగ్ మో కియోలో మేం చేరిన గవర్నమెంటు ఫ్లాటుకి పడకగది కిటికీ సరిగ్గా పడమటికి ఉంది. సాయంత్రానికి ఆ గోడ మీద చెయ్యి పెడితే కాలేది. కొత్త కాపురం, అన్నీ నేనే అమర్చుకోవాలని నా ఆశ. మా ఆయన మాత్రం అట్టపెట్టె విప్పి, ఆ ఇంట్లో మొట్టమొదట పెట్టిన వస్తువు ఈ చుట్ట. ముదురాకుపచ్చ రంగు, ఆవపసుపు అంచు.

"ఏమిది?" అన్నాను.

"నర్సమ్మ ఆంటీ కుట్టింది. ఏసీ వేసినప్పుడు తలుపు కింద పెట్టాలి. మంచి చీర, ఆవిడదే."

"ఇంకొకామె చీర తెచ్చి మన పడకగది గడప కాడ పెడతావా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన చదువుకునే రోజుల్లో బూన్ లేలో నర్సమ్మ ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని చాలా కాలం ఉన్నాడు. ఆవిడకు మా అత్తగారి వయసు. అది నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం? పొద్దున లేచింది మొదలు ఒకటే పాట. అన్నం కుక్కరులో పెడితే "ఆంటీ వాళ్లింట్లో ముందు బియ్యం నానబెట్టేవాళ్లు, గ్యాసు తక్కువ అవుతుంది" అనేవాడు. పప్పుగిన్నె ఫ్రిజ్‌లో పెట్టబోతే "ఆంటీ చల్లారాక పెట్టేది" అనేవాడు. కర్టెన్ వేస్తే ఆలస్యంగా వేశానట. ఎండ అద్దం మీదికి రాకముందే వెయ్యాలట, వచ్చాక వేసి లాభం లేదట. మా అత్తగారు ప్రొద్దుటూరులోనే ఉండిపోయారు కదా, హాయిగా నా ఇల్లు నేను చూసుకోవచ్చు అనుకుంటే, సముద్రం ఇవతల ఈ రెండో అత్తగారు నా కోసం కాచుక్కూచుని ఉంది. నాకు కావలసింది ఒక్కటే. ఇది నా ఇల్లు అని, నేను బాగా పెట్టుకున్నానని, ఆ మనిషి నోటి వెంట ఒక్క మాట. ఆ ఒక్కటి తప్ప అన్నీ వచ్చేవి.

ఒక ఆదివారం నన్ను బూన్ లే తీసుకెళ్లాడు. ఎవరో ముసలమ్మ ఉంటుందనుకున్నాను. తలుపు తీసింది పొడుగ్గా, నిండుగా, తెల్లజుట్టు కత్తిరించుకుని, మోకాళ్ల కిందికి గౌను వేసుకున్న మనిషి. ఆవిడ అసలు పేరు అప్పలనర్సమ్మ. తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలయా తోటల పనికి వచ్చాడట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఓడల కంపెనీలో టైపిస్టుగా చేసి రిటైరయింది. భర్త పోయాడు, కొడుకుతో ఉండేది. శ్రీకాకుళం ఏ దిక్కున ఉందో తెలియదు గానీ మాట మాత్రం తాతగారు ఓడ దిగినప్పటి మాటే, మధ్యమధ్య మలయ్ ముక్కలతో, చివర ఇక్కడివాళ్లందరిలాగే ఒక 'లా' తగిలించి.

"ఏటే గుంటా, మకన్ అయిందా? రా, లోపలికి రా, బయట పనాస్."

గుంట అంటే పిల్ల అని, మకన్ అంటే భోజనమని, పనాస్ అంటే వేడి అని మా ఆయన పక్కనుంచి నాకు అర్థాలు చెబుతున్నాడు. నేను వినడం లేదు. ఆ ఇల్లు చల్లగా ఉంది. ఏసీ వెయ్యలేదు, హాల్లో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది, అయినా చల్లగా ఉంది. పడమటి కిటికీలకు వెదురుతెరలు దించి ఉన్నాయి. ఏసీ ఒక్క గదిలోనే ఉందట. సాయంత్రాలు ఆవిడ కూరగాయలు తరుగుతూ, కొడుకు టీవీ చూస్తూ, మా ఆయన చదువుకుంటూ, అందరూ ఆ గదిలోనే కూర్చునేవాళ్లట. మనుషులు ముగ్గురుంటే మూడు గదులెందుకు చల్లబరచడం అని ఆవిడ లెక్క. అది విని నాకు ఇంకా మండింది. ఆ ముగ్గురూ కూర్చున్న గదిలో నేను లేను కదా. బార్లీ నీళ్లు ఇస్తానని ఆవిడ లేవబోతే మా ఆయన "మీరు కూర్చోండి ఆంటీ" అని తనే వంటింట్లోకి వెళ్లి గ్లాసులు తెచ్చాడు. దారిలో ఆగి, ఎవరూ చెప్పకుండానే, ఎండ తిరిగిన వైపు తెర ఇంకాస్త దించాడు. మా ఇంట్లో గ్లాసులు ఏ అరలో ఉంటాయో ఈ మనిషికి ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చాక ఆ చుట్ట తీసి మంచం కిందికి తన్నేశాను. నేనూ కుట్టగలను. నా నీలం చీర ఒకటి చింపి, ఆవిడదానికంటే లావుగా, బిగువుగా ఒకటి కుట్టాను. గుడ్డలు కూరితే తేలిగ్గా ఉండి పక్కకు జరుగుతుందని, బరువు కోసం అమ్మ కట్టి పంపిన పాతబియ్యం పోశాను. ఏం తెలివి నాది అనుకున్నాను. కదలదు, మెదలదు, చల్లగాలి పోదు. మా ఆయన చూసి "బాగుందే" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు కొన్నాళ్లు నేల మీద కాళ్లు ఆనలేదు. తర్వాత ఒక పొద్దున కళ్లు తెరిస్తే దిండు మీద నల్లపురుగు. ఇంకోటి గోడ మీద. మా ఆయన చొక్కా మీద వరసగా పోతున్నాయి. చుట్ట విప్పితే బియ్యమంతా పిండి పిండి. ఆయన పల్లెత్తు మాట అనలేదు. గది ఊడ్చి, మంచం కింద చెయ్యి పెట్టి ఆ ఆకుపచ్చ చుట్టను లాగి, దులిపి, తలుపు దగ్గర పెట్టాడు. తిట్టినా బాగుండేది.

అసలు గొడవ గీజరు దగ్గర వచ్చింది. ఇక్కడ ఫ్లాట్లలో గీజరు స్విచ్చి బాత్రూము బయట ఉంటుంది, ఎర్రలైటుతో. ఆవేళ నేను తలంటు పోసుకుంటున్నాను. జుట్టంతా కుంకుడు నురగ, సగంలో ఉండగా నీళ్లు చల్లబడిపోయాయి. ఎంత పిలిచినా లాభం లేదు. వచ్చి చూస్తే ఎర్రలైటు ఆరిపోయి ఉంది.

"ఎవరు ఆపింది?"

"నేనే. నీళ్లు కాగాక ఆపేసే వెళ్లాలి స్నానానికి. ఆంటీ వాళ్లింట్లో అంతే."

"ఆంటీకి జుట్టు చెవుల దాకా ఉండాది. నాకు నడుం దాకా ఉండాది. నువ్వు ఎవరితో కాపురం చేస్తాండావో మొదట తేల్చుకో."

ఆయన మొహం మాడ్చుకుని ఆఫీసుకి పోయాడు. నేను తడిజుట్టు ముడేసుకుని రైలెక్కాను. ఆంగ్ మో కియో నుంచి బూన్ లే అంటే ఊరికి ఆ కొస నుంచి ఈ కొస. దారి పొడుగునా ఏమేం అనాలో కూర్చుకుంటూనే ఉన్నాను. అమ్మా, మీరు పెద్దవారు, మీ పద్ధతులు మీకు గొప్ప, నా మొగుణ్ని నాకు వదిలెయ్యండి. ఇదీ మర్యాదగా అనాల్సినది. మర్యాద లేనివి కూడా కొన్ని సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ తలుపు తీసి నా మొహం చూసింది. ఏమీ అడగలేదు. "ముందు తిను" అని అప్పుడే వార్చిన అన్నం, చేపల పులుసు పెట్టింది. కోపంతో వెళ్లిన మనిషికి అన్నం పెట్టడమంత అన్యాయం ఇంకోటి ఉండదు. తిన్నాను. తిని చెయ్యి కడుక్కుని అంతా కక్కేశాను, బియ్యం చుట్టతో సహా.

ఆవిడ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఓలమ్మ, నానేటి? నాను గీజరు ఆపడమేటి? నీ మొగుడొచ్చేముందు నా యింట్లో గీజరు పొద్దల్లా ఎలిగీది లా. ఆ మురళీ వచ్చినాక ఒకటే గోల. మాయమ్మ ఇలా సేస్తాది, మాయమ్మ అలా సేస్తాది. బియ్యం నానెడతాది, పప్పు సల్లారెడతాది. ఇని ఇని నా సెవులు పోయినాయి. ఆ యమ్మ ఎవుత్తో నాకు తెల్దు, మొకం ఎరగను. కుళ్లుకు సచ్చిపోయినాను."

"మరి ఈ చుట్ట?"

"అదీ మీయత్తదే. మాయమ్మ తలుపు కింద సందు ఉండనివ్వదు ఆంటీ అన్నాడు. నానేటి, మీయమ్మ కంటే తక్కువా అనీసి, నా కొడుకు కొన్న కొత్తసీర సింపి కుట్టీసినాను. ఎంత మంచి సీరో తెలుసా నీకు."

నేను అక్కడే కూర్చుని, ఆంటీకీ వినబడేలా ప్రొద్దుటూరుకి ఫోన్ చేశాను. మా అత్తగారు అంతా విని, "గుడ్డచుట్టనా? మనింట్లో ఏసీ యాడుండాది? అది వాళ్ల పెద్దమ్మ చేసేది, తేళ్లు రాకుండా. వానికి ఆమె అంటే ప్రాణం లే" అంది. ఆ చివరి మాట అన్న తీరు విని నేనూ ఆంటీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు అప్పుడు అర్థమైంది, మా ఆయనది అదొక జబ్బు. ఎవరిని మెచ్చుకున్నా ఇంకో ఇంటికి వెళ్లి మెచ్చుకుంటాడు. పక్కన ఉన్న మనిషికి మాత్రం ఏమీ ఉండదు.

"మరి ఇప్పుడు నా దగ్గరికొచ్చి ఎవరి గురించి సెప్తన్నాడో అడగవేటి?" అంది ఆంటీ.

అడిగాను. ఆవిడ వెంటనే చెప్పలేదు. లేచి, తెర దించి, గ్లాసులు కడిగి, మళ్లీ వచ్చి కూర్చుంది. నన్ను ఏడిపించడం ఆవిడకు బాగా ఇష్టంగా ఉందని తెలిసిపోతోంది.

"మా సుజాత, మా సుజాత. ఒకటే జపం. సుజాత వచ్చినాక ఇంటికెళ్తే ఏసీ ఎయ్యక ముందే ఒళ్లు సల్లబడతాది ఆంటీ అంటన్నాడు. ఆడు నా యింట్లో ఇన్నాళ్లుండి నాకెప్పుడైనా అన్నాడా ఆ మాట? నిన్ను సూడగానే నాకు ఒళ్లు మండింది, తెలుసా."

నాకు ఏడుపొచ్చింది. ఎంత చవకైన ఏడుపో, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆ ఒక్క ముక్క నా మొహాన చెప్పడానికి ఏం రోగం ఆ మనిషికి? దాని కోసం నేను ఊరు ఈ కొస దాకా రావాలా?

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహమని అందరూ అనుకున్నారు. అది పోటీ. ఆవిడ మా ఇంటికి వస్తే చెప్పులు విడవగానే గోడలు చూసేది, పిల్లలకు జ్వరం చూసినట్టు అరచెయ్యి తిప్పి వెనకవైపు ఆనించి. "ఈ గోడకి జొరమొచ్చింది. బట్టల బీరువా తెచ్చి దీనికి ఆనించు" అనేది. ఏసీలో జల్లెడ తీయించి దుమ్ము చూపించి "ఇలాగుంటే అది ఊపిరెలా పీలుస్తాది" అని నా పరువు తీసేది. ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూసి లాగమనేది, తేలిగ్గా ఊడి వచ్చిందంటే రబ్బరు వదులైపోయినట్టే. ఫ్యాను వేసుకుంటే ఏసీని అంత తిప్పక్కర్లేదని ఆవిడే నేర్పింది. నేను నేర్చుకున్నదంతా ఆవిడను ఓడించడానికే నేర్చుకున్నాను. నా ఇల్లు ఆవిడ ఇంటికంటే చల్లగా ఉండాలి, ఆ సంగతి ఆవిడ నోటితో ఒప్పుకోవాలి. అమ్మాయి పుట్టాక అది కూడా ఆవిడ ఒళ్లోనే నిద్రపోయేది. నేనెత్తుకుంటే ఏడ్చేది. దానికీ కుళ్లుకున్నాను.

వెళ్లిన ప్రతిసారీ వచ్చేటప్పుడు లిఫ్టు దగ్గర ఆగి అడిగేదాన్ని, ఈ మధ్య ఆయన ఏమన్నాడని. మా ఆయన తోచినప్పుడల్లా ఆఫీసు నుంచి అటే వెళ్లి ఆవిడను చూసి వచ్చేవాడు. ఆవిడ మొదట "ఏటీ అన్నేదు" అనేది. లిఫ్టు తలుపులు మూసుకోబోతుండగా చెప్పేది.

తర్వాత కొడుక్కి పెళ్లయి, సెరంగూన్‌లో ఖరీదైన కొండో ఫ్లాటు కొనుక్కుని ఆవిడను తీసుకెళ్లాడు. కోడలు మంచిది, మర్యాద తెలిసిన పిల్ల. ఇల్లంతా ఏసీ. ఆ పిల్ల ఆఫీసు నుంచే ఫోనులో నొక్కితే ఇంట్లో చల్లబడుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ సోఫాలో శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. పాదాలకు మేజోళ్లు.

"సెజుక్ లా, గుంటా" అంది. చలి అనడం.

"ఆపేయొచ్చు కదా ఆంటీ."

"దేన్ని ఆపను? స్విచ్చి ఏదీ? అంతా ఆ గుంట ఫోన్లో ఉంది. అడిగితే ఆపుతాది. ఎన్నిసార్లని అడుగుతాను."

ఎండ ఎటు తిరిగితే అటు తెర దించుతూ ఇల్లంతా ఏలిన మనిషి. నేను మరుసటి వారం మా తలుపు దగ్గరి ఆకుపచ్చ చుట్ట తీసి సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఆవిడ దాన్ని చూసి చాలాసేపు ఒళ్లో పెట్టుకుని నిమిరింది. తర్వాత తన గదిలోకి వెళ్లి తలుపు మూసి, లోపలివైపు సందుకు అడ్డం పెట్టింది, హాల్లోని చలి గదిలోకి రాకుండా. కిటికీ తెరిచింది. బయటి వేడిగాలి మొహాన కొట్టింది. "ఆ" అని కళ్లు మూసుకుంది.

"నీ యింట్లో స్విచ్చి నీ సేతిలో ఉంది" అంది కాసేపటికి. "నాకు ఎంత కుళ్లో తెలుసా నిన్ను సూత్తే."

నేను వచ్చేస్తుంటే లిఫ్టు దాకా వచ్చింది. నేను అడగలేదు. అయినా చెప్పింది.

"మొన్న మురళీ వచ్చినాడు. బూన్ లేలో మీ ఇంటికన్నా ఇప్పుడు మా ఇల్లే సల్లగుంటాది ఆంటీ అన్నాడు. నా మొకం మీదే అన్నాడు. నిజిమే, నానూ సూసినాను కదా. నువ్వే గెల్సినావు పో."

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కాచుక్కూచున్నాను. తీరా వచ్చేసరికి ఆవిడ శాలువా రెండు చేతులతో దగ్గరికి లాక్కుంటోంది. నాకు అది వద్దనిపించింది. వెనక్కి తీసుకోండి అనలేను కదా. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఆవిడ పోయాక కోడలు ఆ చుట్టను ఉతికి, ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపింది. "అత్తయ్య ఇది మీదని చెప్పమన్నారు ఆంటీ" అంది. అంచు చినిగి, లోపలి గుడ్డలు కనిపిస్తున్నాయి. నా వంగపండు రంగు చీర ఒకటి చింపి, దాని పైన ఇంకో పొరగా తొడిగి కుట్టాను. ఆకుపచ్చ ఇప్పుడు బయటికి కనిపించదు. ఇల్లు చల్లగానే ఉంది. గోడలు ఇప్పటికీ చెయ్యి తిప్పే చూస్తాను. కానీ మా ఆయన నన్ను ఇప్పుడు ఎవరింటికి వెళ్లి మెచ్చుకుంటున్నాడో నాకు తెలియదు. చెప్పే మనిషి లేదు. అసలు మెచ్చుకుంటున్నాడో లేదో కూడా తెలియదు. ఆవిడను తలచుకుంటే నాకు అన్నిటికంటే బెంగగా ఉండేది ఇదే.

ఆదివారం ఆ చల్లగాలి తగిలాక అమ్మాయికి ఫోన్ చేశాను. యూనివర్సిటీ హాస్టల్లో చేరి కొద్ది నెలలే అయింది.

"తలుపు దగ్గర చుట్ట నువ్వేనా పట్టుకుపోయింది?"

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ రోల్ లా. మా రూము డోర్ కింద గ్యాప్ ఉంది. ఏసీ వేస్ట్ అవుతోంది."

"చెప్పి తీసుకుపోకూడదా? సరే, ఈ శని, ఆదివారాలకు హుయ్ మిన్‌ను కూడా తీసుకురా, భోజనానికి."

హుయ్ మిన్ దాని గదిలో ఉండే అమ్మాయి. నేను చూడలేదు గానీ ఆ పిల్ల గురించి విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఇంటికొచ్చినప్పుడల్లా ఇదే. హుయ్ మిన్ ఫ్యానుతోనే పడుకుంటుంది, హుయ్ మిన్ లైట్లు మరిచిపోదు, హుయ్ మిన్ తడిబట్టలు కిటికీ దగ్గర ఎంత చక్కగా ఆరేస్తుందో. నా ఇంట్లో పుట్టి పెరిగి, ఇవన్నీ కొత్తగా చూసినట్టు చెబుతుంది. ఆ పిల్లంటే నాకు పడదు.

"షి వోంట్ కమ్ అమ్మా" అంది మా అమ్మాయి. "నీ మీద కోపంగా ఉంది."

"నా మీదా? నేనేం చేశాను?"

"నేను రోజూ మా మదర్ ఇలా చేస్తుంది, మా మదర్ అలా చేస్తుంది అంటానంట. నిన్న ఆ రోల్‌ను కిక్ చేసి బెడ్ కిందికి తోసేసింది. మీ అమ్మ అంటే భయం, నేను రాను అంటోంది."

ఫోను చెవి దగ్గర పెట్టుకునే తలుపు దగ్గరికి నడిచాను. పడకగది తలుపు కింద నుంచి చల్లగాలి వస్తూనే ఉంది. దానికి అడ్డంగా కాలు పెట్టాను.

"బలవంతంగానైనా తీసుకురా" అన్నాను.

బార్లీ కొని ఉంచాను. రానీ. ముందు అన్నం పెడతాను. తిన్నాక, మా అమ్మాయి నా దగ్గర కూర్చుని ఆ పిల్ల గురించి ఏమేం చెబుతుందో చెప్పాలి. వెంటనే చెప్పను. తెర దించుతాను, గ్లాసులు కడుగుతాను, కాస్త ఏడిపిస్తాను. తర్వాత లిఫ్టు దాకా వెళ్లి, తలుపులు మూసుకోకముందే చెబుతాను.